బ్రేకు డిస్కు మీది చిన్న స్క్రూ

నేను ఒక స్క్రూను. చిటికెనవేలి గోరంత తల, దానిమీద కూడిక గుర్తులాంటి గాడి. కారు ముందు చక్రం వెనక బ్రేకు డిస్కును పట్టుకుని ఉండేదాన్ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో తెలియదు గానీ, బిగించిన రోజునుంచీ బండి భారమంతా నామీదే ఉందని గట్టి నమ్మకం.

బండి దర్శి చెంచురామయ్యది. అద్దెకు తిప్పుతాడు. ప్రతి శుక్రవారం కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నాలుగు చక్రాలకూ పోస్తాడు. తొమ్మిదేళ్లు తాగాను. తాగి తాగి తుప్పుపట్టి అక్కడే అతుక్కుపోయాను.

ఆ మంగళవారం బ్రేకు తొక్కితే గరగరమంది. షెడ్డుకు తెస్తే, డిస్కులు అరిగాయన్నాడు మెకానిక్ మస్తాన్. అవతలి చక్రం స్క్రూ పిరికిది, అడగ్గానే ఊడింది. ఇక నేనున్నాను.

బెంచీ మీద చెంచురామయ్య అక్క ఆదెమ్మ కూర్చునుంది. రెండింటికి ఒంగోలు ఆసుపత్రిలో ఆమెకు డయాలసిస్. అప్పటికే కాళ్లు పొంగి ఉన్నాయి. పన్నెండులోపు బయల్దేరకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది.

మస్తాన్ స్క్రూడ్రైవరు పెట్టి బలంగా తిప్పాడు. నా గాడి అరిగింది గానీ నేను కదల్లేదు. చూశారా నా పట్టు అని మురిశాను.

"ఏం పోశావన్నా దీనికి?"

"కొబ్బరినీళ్లు," అన్నాడు చెంచురామయ్య.

"ఇంజనుకు ఆయిలు పొయ్యమంటే మాత్రం నెలలు దాటిస్తావు."

ఆదెమ్మ నవ్వింది. "డాక్టరు నన్ను కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నాడయ్యా. నా వంతు కూడా దానికే పోసినట్టున్నాడు."

"అది విరిగితే చక్రం ఊడిపోదా?" అన్నాడు చెంచురామయ్య, మాట మార్చడానికి.

"చక్రం బిగించాక డిస్కును పట్టుకునేది పెద్ద బోల్టులే. చక్రం విప్పినప్పుడు డిస్కు జారి మా కాళ్లమీద పడకుండా ఇది. అంతే."

తొమ్మిదేళ్ల గర్వం ఆ 'అంతే' దగ్గర దిగిపోయింది.

నెత్తిన సుత్తితో కొడితే తిరిగే డ్రైవరొకటి తెచ్చాడు మస్తాన్. ఒక దెబ్బ. రెండు. టైమెంతయిందని అడగడం మానేసి ఆదెమ్మ తన కాళ్లకేసి చూసుకుంటోంది. మూడో దెబ్బకు వదిలేశాను.

కొత్త డిస్కు, గ్రీజు పూసిన కొత్త స్క్రూ. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా బండి కదిలింది.

ఇప్పుడు పాత సామాన్ల డబ్బాలో ఉన్నాను. ఇక్కడ ప్రతి స్క్రూ తనవల్లే ఫలానా బండి నడిచిందని చెప్పుకుంటుంది. నన్నూ అడిగాయి. నేను వదిలితేనే ఒకావిడ వేళకు ఆసుపత్రికి వెళ్లిందంటే నమ్మవు. ఊరుకున్నాను.