మిరప చేతులు

ఆ దండ నాకోసం తెచ్చింది కాదని బుల్లయ్యగారి చూపులోనే తెలిసిపోయింది, బంతిపూల దండలు మూడే తెచ్చారు, ఒకటి గుంటూరు నుంచి వచ్చిన విద్యాధికారికి, ఒకటి సమితి ప్రెసిడెంటుకి, మూడోది సర్పంచి హోదాలో బుల్లయ్యగారు తన మెడలో తనే వేయించుకున్నారు, పోనీ, దండ లేకపోతే మెడ ఊడిపోదు, కానీ కుర్చీ కూడా లేదే, బడి నాది, ఆ వేదిక మీద పరిచిన జంపఖానా బుల్లయ్యగారిదే కావచ్చు గానీ దాని కిందున్న బల్లలు మా నాలుగో తరగతివి, హెడ్మిస్ట్రెస్ ఎలీసమ్మ మాత్రం పందిరి గుంజకు ఆనుకుని నిలబడాలి, నిలబడతాను, ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడిన కాళ్లే కదా ఇవి, ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షలో సమితి మొత్తం మీద ఉత్తమ ఫలితాలు సాధించిన బడి అంట మాది, అందుకు షీల్డు, ఎర్రగుడ్డ కప్పి బల్ల మీద పెట్టారు, రాసిన ప్రతి పిల్లా పాసయిన బడి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు, అదీ కూలోళ్ల పిల్లల బడి, మాలపల్లె, మాదిగపల్లె, దూదేకులోళ్ల పిల్లలు తప్ప మోతుబరి ఇంటి పిల్లాడు ఒక్కడు మెట్టెక్కని బడి, సంతోషించాలి, సంతోషం ఎందుకు రావట్లేదే నాకు, బడి ఎదురుగా తన మిరప కల్లం పక్కనే పందిరి వేయించారు మహానుభావుడు, కాయలు అక్కడే ఎండుతున్నాయి, గాలి ఇటు తిరిగిందంటే అందరికీ దగ్గే.

ముందు వరుసలో కూర్చున్న ఈ పిల్లలెవరు, తెల్లచొక్కాలు, ఇస్త్రీ నిక్కర్లు, కాళ్లకు బూట్లు, మా బడి వరండా ఇంతవరకూ బూటు చప్పుడు విని ఎరగదు, పొద్దున అడిగితే బుల్లయ్యగారు నవ్వి, మా బావమరిది పిల్లలు, వాళ్ల స్నేహితులూను, వినుకొండ నుంచి జీపులో తెప్పించా, ఆఫీసరుగారి కళ్లకు ఇంపుగా ఉండాలి గదమ్మా అన్నారు, మరి నా పిల్లలండీ అంటే, నీ పిల్లలు రేపూ ఉంటారు, మబ్బు చూశావా, చెట్టు మీద కాయ తడిసిందంటే తెల్లబడి అంతా తాలే, కోత ఇయ్యాళ అయిపోవాల్సిందే అన్నారు, సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే, పాసయిన పిల్లలేమో ఆయన చేలో నడుములు వంచి కాయలు కోస్తున్నారు, వాళ్లు పాసయినందుకు వచ్చిన షీల్డేమో ఆయన పందిట్లో మెరుస్తోంది, పోయిన వేసవిలో వచ్చిన ఫలితాలకు ఇప్పుడు సన్మానం, మాఘమాసంలో, కోతలు ముమ్మరంగా సాగుతుండగా, ఆ పాసయిన వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు తొమ్మిదో తరగతి ముఖం చూడలేదు, ఈ ముక్క ఎవరైనా ఆ మైకులో చెబుతారేమోనని చూస్తున్నాను, సమితి ప్రెసిడెంటు చెప్పేటట్టు లేడు, ఆయన ఇంకా విద్య లేనివాడు వింత పశువు దగ్గరే ఉన్నాడు.

ఆ సామెత కరీమున్‌కి చెప్పాలి, పకపకా నవ్వుతుంది, సమితి మొత్తానికి మొదటి మార్కు తెచ్చుకున్న పిల్ల, లెక్క చేస్తుంటే మధ్యలో నన్నే ఆపేసేది, టీచరమ్మా ఇంకా దగ్గరి దారుంది చూడండి అని, ఫలితాలు వచ్చిన రోజు చెప్పులు కూడా మరిచిపోయి ఎండలో వాళ్లింటికి పరిగెత్తాను, వాళ్ల నాన్న బుడాన్ దూదేకే విల్లు పక్కన పెట్టి, గడ్డం నిండా దూదితో, మొదటి మార్కంటే ఏమొస్తుందమ్మా అన్నాడు, ఎగతాళి కాదు, నిజంగా తెలియకే అడిగాడు, హైస్కూల్లో చేర్చు బుడానూ, మిగతావి నేను మాట్లాడతా అన్నాను, తల్లి మదార్‌బీ పొయ్యి దగ్గర్నుంచే, వినుకొండ దాకా రోజూ ఎవరు తోడెళ్తారు టీచరమ్మా, ఎదిగిన పిల్ల, దారి పొడుగునా పత్తిచేలు, పిలిస్తే పలికే మనిషుండడు, మీ పిల్లయితే పంపుతారా అంది, నాకు పిల్లల్లేరన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తులేదు, ఇంటికి వచ్చేశాను, అప్పట్నుంచీ ఒకటే పాట నాది, ఈ ఊళ్లోనే తొమ్మిది తెరవండి, ఒక్క గది, ఒక్క మేష్టరు, అడిగినప్పుడల్లా బుల్లయ్యగారిది చూద్దాం చూద్దాం, మొన్నటికి మొన్న, ముందు షీల్డు రానియ్యమ్మా, ఆఫీసరుగారి చెవిన నేనే వేస్తా అన్నారు, వేశారా, ఇందాక స్వాగతం చెబుతూ పంచాయతీకి రేడియో కావాలన్నారు, కల్లాల దాకా రోడ్డు కావాలన్నారు, తొమ్మిది ఊసే లేదు, ఈ ఆఫీసరు జీపెక్కితే మళ్లీ ఎన్నేళ్లకో, ఈలోగా మదార్‌బీ ఆగుతుందా, కనిగిరిలో సంబంధం ఉంది, వేసవిలో కానిచ్చేస్తాం అని మొన్న బావి దగ్గర చెప్పనే చెప్పింది, ఇవాళ అడగకపోతే కరీమున్‌కి ఇక చదువు లేదు, అడుగుదామంటే మాట్లాడేవాళ్లలో నా పేరు లేదు.

ఆఫీసరుగారు లేచారు, మంచిమనిషిలాగే ఉన్నారు, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, ఈ బడి క్రమశిక్షణ గురించి గుంటూరులో కూడా విన్నానంటున్నారు, ఏం విన్నారండీ, కోతల రోజుల్లో బడి మధ్యాహ్నం పెడుతున్నానని ఇన్‌స్పెక్టరు నన్ను సంజాయిషీ అడిగిన సంగతి విన్నారా, పొద్దున పెడితే ఎవరొస్తారు, మధ్యాహ్నం దాకా చేలో ఉండే పిల్లలకి, అరెరె, ఆ బూట్లబ్బాయి ఎండుకాయ ఒకటి ఎక్కడ్నుంచి తీశాడో చేతుల్లో నలుపుతున్నాడు, ఒరేయ్ కళ్లు ముట్టుకోకు, చెప్పేలోపే ముట్టుకున్నాడు, ఇక ఏడుపు, ఎవరో ఎత్తుకుని అవతలికి తీసుకుపోయారు, మా ఏసోబు కూడా ఇలాగే, ఒకటో తరగతిలో ఉండగా, కోతకెళ్లొచ్చిన పెద్దపిల్లలు పట్టుకున్న సుద్దముక్క పట్టుకుని కళ్లు నులుముకున్నాడు, కళ్లు వాచిపోతే వాళ్లమ్మ వాణ్ణి నా ఒళ్లో పడేసి ఏడ్చింది, ఆనాడు పెట్టాను నియమం, వరండాలో ఆముదం గిన్నె, పక్కనే కుంకుడు నురగ, చేలోంచి వచ్చినవాళ్లు ముందు ఆముదం రాసుకుని, తర్వాత నురగతో కడుక్కుని, నాకు చేతులు చూపించి లోపలికి రావాలి, మిరప చేతుల్తో బడి సామాను ముట్టుకున్నారో వీపు చీరేస్తానని బెదిరించేదాన్ని, చీరిందీ లేదు ఏమీ లేదు, అయినా వినేవాళ్లు, ఆ గిన్నె కూడా నిన్న బుల్లయ్యగారి మనుషులు వరండా శుభ్రం చేస్తున్నామని ఎక్కడ పారేశారో.

ఏమిటీ, ఆఫీసరుగారు కాగితం చూసి ఏదో అడుగుతున్నారు, మొదటి మార్కు వచ్చిన కరీమున్ ఎవరు, ఇటు రామ్మా, షీల్డు నీ చేతికే ఇస్తాను అంటున్నారు, ముందు వరుసలో బూట్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి, బుల్లయ్యగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు, ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదండి, ఇంటి దగ్గర ఉందండి అని మొదలెట్టారు, లేదండీ, చేలో ఉందండీ, బుల్లయ్యగారి చేలోనే అన్నాను, నోరు జారి కాదు, గట్టిగా, మైకు అక్కర్లేనంత గట్టిగా, నలుగురూ నా వైపు తిరిగారు, అయితే పిలిపించండి, నేను ఆగుతాను అన్నారు ఆయన, బతికించావు ప్రభువా, జీపు చేలోకి పోయింది, పోయినంతసేపూ బుల్లయ్యగారు నన్ను కళ్లతోనే కాల్చారు, పోనీలే, ఈ మిరప ఘాటుకన్నా ఎక్కువేం కాదు.

వచ్చింది, జీపులోంచి దిగడం చేతకాక దూకింది, తలకు గుడ్డ, పైకి దోపిన పరికిణీ, ఎంత ఎదిగిందీ పిల్ల, ఎంత నల్లబడింది, నన్ను చూసి నవ్వింది, వేదిక ఎక్కింది, ఆఫీసరుగారు ఎర్రగుడ్డ తీసి షీల్డు రెండు చేతులా ఎత్తి తీసుకో అమ్మా అన్నారు, అందరూ చప్పట్లు, ఇదేంటి, చేతులు వెనక్కి పెట్టుకుంది, తీసుకోమ్మా అని ఆయన మళ్లీ అన్నారు, తల అడ్డంగా ఊపింది, చప్పట్లు ఆగిపోయాయి, ఏమే, చెవుడా నీకు, పెద్దల ముందు ఈ తలపొగరేంటి అని బుల్లయ్యగారు, మార్కులు నేర్పింది గానీ మర్యాద నేర్పలేదు ఎలీసమ్మ అని వెనకాల ఎవరో, నాకూ ఒళ్లు మండిపోయింది, ఇన్ని నెలల్లో దొరక్క దొరక్క దొరికిన అవకాశమే పిల్లా, తీసుకోవే, ఆయన సంతోషపడితే తొమ్మిది అడుగుతాను, నీకోసమేనే ఈ ఏడుపంతా, కరీమూ తీసుకో అని అరిచేశాను, అది బిక్కముఖం వేసి నా వైపు తిరిగి, చేతులు కడుక్కోలేదు టీచరమ్మా, మిరప చేతుల్తో బడి సామాను ముట్టుకోగూడదు గదా, వరండాలో ఆముదం గిన్నె లేదే, ఎక్కడ పెట్టారు, అంది.

గిన్నె ఎక్కడ పెట్టారు అని అడుగుతోంది, జీపులోంచి దూకినప్పుడే వరండా వంక చూసిందన్నమాట, షీల్డు కంటే ముందు, బూట్ల కంటే ముందు, ఎనిమిది నెలలుగా ఈ మెట్టెక్కనే లేదే ఈ పిల్ల, నా బెదిరింపు ఇంకా దాని చేతుల్లోనే ఉందా, పాసయి వెళ్లిపోయిందని బడి రిజిస్టర్లో నేనే రాశాను, నా చేత్తోనే, నెలల తరబడి బుల్లయ్యగారి మీద, సమితి మీద, మదార్‌బీ మీద పళ్లు నూరుతున్నాను, మానేసిన పిల్లను మళ్లీ ఎలా తేవాలా అని, కానీ ఇది మానలేదే, ఇంకా చేతులు కడుక్కుని లోపలికి రావడానికి నిలబడే ఉంది, బడే దీని ముఖం మీద తలుపేసుకుని సన్మానం చేయించుకుంటోంది, గుంజ వదిలేశాను, ఎవరి అనుమతీ అడగకుండా మా నాలుగో తరగతి బల్లలు ఎక్కాను, ఆ షీల్డు కింద పెట్టండి సార్, ఈ పిల్ల ఇంకా మా బడి పిల్లే, మా బడిలో దీనికి తరగతి లేదు, తొమ్మిది తెరవండి, ఆ రోజు చేతులు కడుక్కుని వచ్చి ఇదే అందుకుంటుంది అన్నాను, ఆయన షీల్డు మెల్లగా బల్ల మీద పెట్టి నా వంకే చూస్తున్నారు, ఏమంటారో, తెరుస్తారో తెరవరో, ఏమన్నా సరే, కరీమున్ నా పిల్లే, రేపటి నుంచి దీనికి తొమ్మిది చెప్పేది నేనే, వరండాలోనైనా చెబుతాను, బుడాన్ ఇంట్లో దూది మధ్య కూర్చునైనా చెబుతాను, దా కరీమూ, ముందు ఆ ఆముదం గిన్నె ఎక్కడ పారేశారో వెతుకుదాం.