బావకు చెప్పని సంగతి

కాంట్రాక్టరు దగ్గర పనిచేసే తొమ్మిదిమందిలో అతని బావ ఒకడు. అక్క మొగుడు. మిగతావాళ్ళంతా "సార్" అని పిలిస్తే, ఆయనొక్కడే "ఒరేయ్" అనేవాడు. అనడానికి హక్కుంది మరి, పని నేర్పింది ఆయనే. తాపీ ఎలా పట్టుకోవాలో, గోడ మట్టం ఎలా చూడాలో అన్నీ బావ చేతికిందే వచ్చాయి. తరవాత తరవాత ఇతనికి నలుగురితో మాట్లాడే నేర్పు అబ్బి, సొంతంగా ఇళ్ళు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు బావే వచ్చి ఇతని దగ్గర పనిలో చేరాడు. "నువ్వు ఓనర్లతో మాట్లాడు, నేను రాళ్ళతో మాట్లాడతా. నాకదే సుఖం" అన్నాడు నవ్వుతూ.

మిషన్లన్నీ బావ అజమాయిషీలోనే ఉండేవి. టైల్స్ కోసేవి, గోడకి చిల్లులు వేసేవి, నీళ్ళు తోడేది, అన్నిటికంటే కొత్తది రాయి పగలగొట్టే బ్రేకర్. ఆ బ్రేకర్‌కి ఆయన "కొత్తల్లుడు" అని పేరుపెట్టాడు. మొరాయించినప్పుడల్లా, "అల్లుడుగారు అలిగారర్రా, కాసేపు ఎవరూ మాట్లాడించకండి" అని పక్కన కూర్చోబెట్టి, గుడ్డతో ఒళ్ళంతా తుడిచేవాడు. సాయంత్రం అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక కూడా ఆయన ఒక్కొక్క మిషను వైరూ చుట్టి, పెట్టెలో సర్ది, తాళం రెండుసార్లు లాగి చూసిగాని కదిలేవాడు కాదు.

ఆ లాగి చూడటం వెనక ఒక కథ ఉంది. రెండేళ్ళ కిందట సైటు షెడ్డు తాళం పగలగొట్టి ఎవరో రెండు మిషన్లు ఎత్తుకుపోయారు. ఆరోజు తాళం వేసింది బావే. ఆయన తప్పేం లేదని అందరూ చెప్పినా మూడు రోజులు ముద్ద దిగలేదు ఆయనకి. "నా చేతిమీదుగా పోయాయిరా" అని అదే మాట.

ఆ దొంగతనం తరవాతే ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చింది. ఆఫీసు గదిలో బల్లమీద కాగితాలు పరిచి ఓపిగ్గా చెప్పింది. "సార్, కడుతున్న బిల్డింగుకి మీరు తీసుకున్న పాలసీలో మీ పనిముట్లు రావు. వాటికి విడిగా తీసుకోవాలి. దొంగతనం, నిప్పు, వరద, మట్టి విరిగి పడటం అన్నీ ఇందులో ఉంటాయి."

కాంట్రాక్టరు తీసుకున్నాడు. ప్రతి మిషనుకీ వెనక ఉండే నంబరు రాసుకోవాలి, ఫొటో తియ్యాలి. సెలవురోజు చూసుకుని, సైటులో ఎవరూ లేకుండా, ఒక్కడే వెళ్ళి తీశాడు. పాలసీ కాగితాన్ని బీరువాలో పెట్టాడు. ఎవ్వరికీ చెప్పలేదు. ఇన్సూరెన్సు ఉందని తెలిస్తే పనివాళ్ళకి శ్రద్ధ పోతుందని, మిషన్లని ఎత్తి కుదేస్తారని అతని భయం. తొమ్మిదిమందికీ ఒకటే మాట అనుకున్నాడు గాని, ఆ తొమ్మిదిమందిలో బావ కూడా ఉన్నాడని ఆలోచించలేదు.

చెప్పకపోవడం ఒక్కటే అయితే ఎలాగో ఉండేది. పైగా అప్పుడప్పుడూ, "జాగ్రత్త బావా, ఇవి పోతే మళ్ళీ కొనే శక్తి నాకు లేదు" అనేవాడు. "నాకు తెలీదురా?" అనేవాడు బావ.

పాలసీ తీసుకున్న రెండేళ్ళకి నాలుగంతస్తుల ఇల్లొకటి ఒప్పుకున్నారు. సెల్లారు కోసం రెండు నిలువుల లోతు గొయ్యి తవ్వారు. అడుగున రాయి తగిలితే బ్రేకర్ దింపారు. మధ్యాహ్నం మూడింటికి వాన అందుకుంది. మామూలు వానేలే అనుకునేలోగా, పక్క వీధి కాలవ తెగి నీళ్ళన్నీ గోతిలోకి మళ్ళాయి. కరెంటు ఆపేసి అందరూ నిచ్చెన పట్టుకుని పైకొచ్చారు. కాంట్రాక్టరు అప్పుడు ఊరికి ఆ చివర సిమెంటు కొట్లో ఉన్నాడు.

పైకొచ్చిన బావ ఒక్కసారి వెనక్కి చూశాడు. "బ్రేకర్ మునిగిపోతోందిరా" అన్నాడు. కడ్డీలు కట్టే మేస్త్రి ఆయన చొక్కా పట్టుకుని ఆపబోయాడు. "పోతే పోయిందన్నా, వద్దు!"

"నీకేం తెలుసు. అది పోతే వాడు మళ్ళీ లేవలేడు" అని విదిలించుకుని దిగాడు బావ.

బ్రేకర్‌ని భుజాన వేసుకుని నిచ్చెన దాకా వచ్చాడు కూడా. అప్పుడు విరిగిపడింది, నానిన మట్టికట్ట ఒక పక్క మొత్తం. గంటన్నర పట్టింది తియ్యడానికి. కాంట్రాక్టరు వచ్చేసరికి ఆయన్ని ఒడ్డున పడుకోబెట్టి ఉన్నారు. ఎవరో మొహం కడిగారు. చెవుల్లో మట్టి అలాగే ఉంది.

క్లెయిము సంగతి కాంట్రాక్టరుకి తట్టనే లేదు. వారానికి ఏజెంటే ఫోను చేసింది. "ఇలాంటప్పుడు అడగకూడదు సార్, కానీ గడువు దాటిపోతుంది." సరేనన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు.

నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి సర్వేయరు వచ్చాడు. మంచివాడే, నెమ్మదిగా మాట్లాడాడు. బురదలోంచి తీసిన బ్రేకర్‌ని కడిగించి, నంబరు సరిచూసుకున్నాడు. "మనిషి మళ్ళీ ఎందుకు దిగాడండీ?" అని అడిగాడు.

"దీనికోసమే."

సర్వేయరు గొయ్యి వైపు ఒకసారి చూశాడు. తరవాత రాసుకున్నాడు. రాసింది చదివి సంతకం పెట్టమన్నాడు. 'ఆస్తి నష్టాన్ని తగ్గించడానికి తగిన ప్రయత్నం జరిగింది' అని ఉంది అందులో. "ఇలా రాస్తే మీ క్లెయిముకి అడ్డు ఉండదండీ" అన్నాడు మెల్లగా. కాంట్రాక్టరు సంతకం పెట్టాడు. పెట్టాక గొయ్యి పక్కన ఇసుక కుప్పమీద కూర్చున్నాడు. సర్వేయరే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్ళాడు. అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూడగానే, "నువ్వు తిండి మానేశావటగా. నీ బావకది ఇష్టముండదురా. ఆయన ప్రాణమంతా నీమీదే" అంది. అదే మాట ఇంకెవరన్నా అనుంటే నోరు మెదపకుండా వచ్చేసేవాడేమో.

"అక్కా, ఆ మిషనుకి ఇన్సూరెన్సు ఉంది" అన్నాడు.

"అంటే?"

"పోతే డబ్బిస్తారు. కొత్తది వస్తుంది."

"మరి ఆయనెందుకు దిగాడు?"

"బావకి తెలీదు. నేను చెప్పలేదు."

అక్కకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమవుతున్నంతసేపూ తమ్ముడి మొహంలోకే చూసింది.

"ఎన్నాళ్ళయింది, ఆ కాగితం తీసుకుని?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళు" అంది అక్క. "రెండేళ్ళు నా చేతి అన్నం తిన్నావు, ఆయన పక్కన కూర్చుని."

అతను ఆమె కాళ్ళమీద పడబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. "వెళ్ళరా" అంది అంతే.

క్లెయిము పాసయింది. కొత్త బ్రేకర్ అట్టపెట్టెలో వచ్చింది. పనివాళ్ళ ప్రాణానికని విడిగా ఉన్న పాలసీ కింద రావలసిన డబ్బు అక్క పేరున బ్యాంకులో పడింది. ఆ కాగితాలమీద సంతకాలకి వచ్చినప్పుడు అక్క ఏజెంటుతో మాట్లాడింది, బ్యాంకు గుమస్తాతో మాట్లాడింది. తమ్ముడు పక్కనే నిలబడ్డా తల తిప్పలేదు.

నాలుగు నెలలకి ఇంకో సైటులో పని మొదలైంది. మొదటిరోజు పొద్దున్నే కాంట్రాక్టరు అందరినీ షెడ్డు ముందు నిలబెట్టాడు. మిషన్ల పెట్టెలు చూపిస్తూ చెప్పాడు. "ఇక్కడున్న ప్రతి మిషనుకీ ఇన్సూరెన్సు ఉంది. నీళ్ళొచ్చినా, నిప్పంటుకున్నా, ఎక్కడిదక్కడ వదిలేసి పైకి రండి. దేనికోసమూ వెనక్కి వెళ్ళొద్దు."

కొత్తగా చేరినవాడొకడు, "అయితే రోజుకొకటి కింద పడేస్తాం సార్, కొత్తవి వస్తాయి" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

కడ్డీల మేస్త్రి మాత్రం నవ్వలేదు. "ఎప్పట్నించి ఉంది సార్ ఇది?" అని అడిగాడు.

కాంట్రాక్టరు దాచలేదు. "రెండేళ్ళ పైనించీ."

"అన్నకి తెలుసా?"

"తెలీదు."

మేస్త్రి తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. ఆ చెయ్యే చొక్కా పట్టుకుంది, ఆ చేతిలోంచే విడిపించుకున్నాడాయన. "ఒక్క ముక్క తెలిసుంటే నేనే చెప్పేవాణ్ణి కద సార్" అన్నాడు. చేతిలో ఉన్న కడ్డీ నేలమీద పెట్టి, గేటు దాటి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు వచ్చాడు. ఇంటి నిండా తినే నోళ్ళున్నవాడు, రాక ఏం చేస్తాడు. ఆ రోజు నుంచి కాంట్రాక్టరు చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. ఏమన్నా అడగాల్సి వస్తే పక్కవాడితో అడిగించాడు.