గీత మీద కుడికాలు

డ్రమ్ము పెట్టల్ల అన్నట్టే వినబడింది నాకు, కువైట్‌లో మా సబ్హాన్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ చెవి పక్కనే గురగురమంటుంటే ఫోన్లో పెళ్ళాం మాట ఏ మొగుడికి సరిగ్గా వినబడింది గనుక, నీళ్ళకు కాబోలు, ఖైతాన్‌లో మా మూడో అంతస్తుకు నీళ్ళు ఎక్కడమూ మానడమూ మా మేనేజరు మూడ్ లాంటిది కదా అనుకుని, నా నడుమెత్తు నీలం ప్లాస్టిక్ డ్రమ్మును మెట్ల మీద మోసుకొచ్చి చెమటలు కక్కుతూ నిలబడితే, మునిలక్ష్మి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పెట్టల్ల కాదయ్యా, కొట్టల్ల అన్నా, డ్రమ్ము కొట్టల్ల, బ్యాండుకు పేరిచ్చినా, శుక్రవారం ఆడిషను అంది, సరే ఖలాస్, ఆ గొడవ ఆ పూటే తీరింది, ఆడిషన్ అంటే ఆడాళ్ళ సెషనా అని నేనూ, నీ మొహం అని ఆమే, డ్రమ్మును బోర్లించి దాని అడుగు మీదే సాధన మొదలుపెట్టింది, ఆ శుక్రవారం ఇదే, ఈ స్కూలు మైదానంలోనే, ఈ ప్లాస్టిక్ కుర్చీలో నేను, ఎదురుగా సున్నంతో గీసిన గీత, గీతకు అవతల ఆడవాళ్ళ వరస, ఆ వరస నడుమ ఉన్న మనిషి నా మనిషి, గళ్ళ చున్నీ నడుముకు చుట్టి, కొత్త బూట్లలో కాళ్ళు అద్దెకు తెచ్చుకున్నవాటిలా పెట్టుకుని నిలబడి ఉంది, నేనుండేది కొట్టులో, ఆమె వచ్చింది కొట్టడానికి, తాళాలగుత్తి నా మొలకు, తాళం ఆమె వేళ్ళకు, ఈ మాట బాగా కుదిరిందని పక్క కుర్చీలో ఉన్న ఖాసిం వలికి చెప్పాను, రాయచోటి మనిషి, ఆయన భార్య హుస్సేన్ బీ కూడా అదే వరసలో ఉంది, ఆయన నవ్వలేదు, గురప్పన్నా, నువ్వు రవ్వంతసేపు నోరు మూస్తే మా ఆడోళ్ళు కొట్టేది వినబడుతుంది అన్నాడు.

డ్రమ్ కోర్ అట దీని పేరు, బూరలూ లేవు పాటలూ లేవు, అన్నీ డ్రమ్ములే, నడుస్తూ కొట్టాలి, కొడుతూ నడవాలి, ఫిబ్రవరిలో ఈ దేశం పండగ చేసుకునేటప్పుడు మనవాళ్ళ తరఫున వీధిలో కదలాలి, నడిపించేది నౌమాన్ సారు, హైదరాబాదు ఇంజనీరు, చదువుకునే రోజుల్లో బ్యాండు నడిపాడట, మెడలో ఈల, చేతిలో పుల్లలు, మొహంలో మాత్రం సెలవురోజు లేదు, వచ్చినవాళ్ళకు ముందే చెప్పేశాడు, చెయ్యి ఎంత మంచిగున్నా కాలు తప్పితే తీస్కోను, చెయ్యి నేర్పిస్త, కాలు నేర్పేటంత టైం లేదు అని, అప్పటి నుంచి మునిలక్ష్మి ఆ మాటనే నములుతోందని నాకు ఇక్కడి నుంచే తెలుస్తోంది, ఏదైనా గట్టిగా కావాలనుకున్నప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది, కువైట్ వచ్చిన ఇన్నేళ్ళలో ఆ పెదవి నేను చూసింది తక్కువ, బంగారం కొట్లో చూడలేదు, చీరల దగ్గర చూడలేదు, స్కూలు బస్సులో ఆయా పని, పిల్లల్ని ఎక్కించు, దించు, లెక్క చూడు, ఇంటికి రా, వండు, ఈ దేశానికి పేరు పెట్టినవాడే కు-వెయిట్ అన్నాడు, అందరం దేనికో ఒకదానికి వెయిటింగే అని నేను పెద్దగా నవ్వినప్పుడల్లా ఆమె చిన్నగా నవ్వేది, ఆమె దేనికి వెయిటింగో నేను అడగనే లేదు, బస్సు సీటు కడ్డీ మీద వేళ్ళతో టకటకా వాయిస్తూ ఉంటుందని ఆ డ్రైవరే ఒకసారి చెబితే, ఇంట్లో నన్ను వాయించింది చాలక అక్కడ కూడానా అనేశాను.

మొదటి మెట్టు దాటింది, కూర్చోబెట్టి రబ్బరు బిళ్ళ మీద సారు ఒక దరువు కొడతాడు, విని దాన్నే తిరిగి కొట్టాలి, కొందరు ముందే కొట్టేశారు, కొందరు మధ్యలో తప్పిపోయారు, ఈమె కళ్ళు మూసుకుని విని, కళ్ళు మూసుకునే కొట్టింది, రెండో మెట్టూ దాటింది, చీమ నడిచినంత మెల్లగా మొదలుపెట్టి, పెంచి పెంచి, ఉరిమి, మళ్ళీ చీమలోకి దిగిపోవాలి, వేగం మారకూడదు, సద్దు ఒక్కటే మారాలి, పెరిగేటప్పుడు అందరూ పరిగెత్తారు, ఈమె పరిగెత్తలేదు, ఖాసిం వలి నా మోచెయ్యి పట్టుకుని, యాడ నేర్చిందన్నా అన్నాడు, యాడ నేర్చిందీ, లక్కిరెడ్డిపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో మా మామ చెక్కభజన గురువు, రాత్రిళ్ళు మగపిల్లలకు గజ్జె కట్టి అడుగులు నేర్పేవాడు, ఈమెను పంచన కూర్చోబెట్టి నీళ్ళ చెంబు చేతికిచ్చేవాడు, ఆడపిల్లకు చెక్కలు ఇవ్వలేదు, ఈమె పెరట్లో రెండు కొబ్బరి చిప్పలతో ఆ అడుగులన్నీ వేసుకునేదట, పెళ్ళయిన కొత్తలో చెప్పింది, చిప్ప చేతికొచ్చిందన్నమాట అని నేను నవ్వాను, ఇప్పుడు భుజాల మీదుగా పట్టీలు వేసి డ్రమ్ము తగిలించారు ఆమెకు, పెద్దది, పొట్ట ముందు చందమామలా, దరువు కన్నా బరువు ఎక్కువ, వీపు నిటారుగా పెట్టి నిలబడింది, అబ్బ, ఏం నిలబడింది.

ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్ అన్నాడు సారు, ఆమె కదిలింది, ఈల, ఆగింది, కాలు చూస్కో అమ్మా అన్నాడు, ఆమె వంగలేక వంగి బూటు లేసు చూసుకుంది, ఊడిందేమోనని హుస్సేన్ బీ చేత గట్టిగా కట్టించుకుంది, ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్, మళ్ళీ ఈల, మళ్ళ అదే కాలు, లెక్క వినబడ్తలేదా మీకు, ఇగ ఒక్క ఛాన్సు, అంతే, లెక్క వినబడకపోవడమా, ఈమెకా, పోనీ అడుగు చిన్నదైందా, పెద్దదైందా, ఇందాక నడిచినవాళ్ళ కాళ్ళు గుర్తు చేసుకున్నాను, ఆమె కాళ్ళు చూశాను, అప్పుడు తెలిసింది, కుడికాలు, ఓరి దేవుడా, కుడికాలే కదా, విమానం దిగి బయటికొచ్చే తలుపు దగ్గర వెనక లైనంతా ఆగిపోయినా సరే నిలబడి కుడికాలు ముందు పెట్టిన మనిషి, అద్దెగదిలోకి కుడికాలు, బస్సులోకి కుడికాలు, ఇఖామా రెన్యూవల్‌కు పోతే, ఈ దేశంలో ఉండనిచ్చే కాయితం కదా, ఆ ఆఫీసు గుమ్మంలో కుడికాలు, వేలిముద్ర కూడా కుడికాలితో వేస్తావా అన్నాను కూడా, లేచి చెప్పాలని ఉంది, నా నోరు ఊరికే ఉండేది కాదు, ఈసారి ఎందుకో నేనే కుర్చీకి అతుక్కుపోయాను.

లెఫ్టమ్మా లెఫ్టు, ఎడమకాలు, దునియాల ఏ బ్యాండైనా లెఫ్టుతోనే లేస్తది, సారు చెప్పేశాడు చివరికి, మునిలక్ష్మి పుల్లలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, సార్, ఒక మాట అడగొచ్చునా అంది, అడుగు వెయ్యడానికి ముందు అడుగుతోంది, అడుగమ్మా అన్నాడు, మంచి పనికి ఎడమకాలు ముందు పెట్టేదెట్ల సార్ అంది, అడిగిన తీరులో వాదన లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, ఎవరో కిసుక్కుమన్నారు, మాకు మొట్టమొదట చెప్పేదే అది సార్, కుడికాలు ఎత్తనోనికి మా నాయన చెక్కలే ఇయ్యడు, సద్దు పుట్టించేది దేవుని పని, దాన్ని ఎడమకాలితో మొదలుపెట్టమంటే నా కాలు లేయడంల్యా, నేను వినక కాదు, అయిపోయింది అనుకున్నాను, పంపించేస్తాడు, ఈ పెదవి మళ్ళీ బయటికొచ్చేస్తుంది, ఇంటికెళ్ళి అన్నం వండుతుంది, ఇంక ఎన్నడూ ఏదీ కావాలనదు, అంతలో హుస్సేన్ బీ, నేనూ కుడికాలే పెట్టల్లని ఉండా సార్, కొత్త చోటికి పోయేటప్పుడు మేమూ అంతే అంది, నౌమాన్ సారు ఈలను వేళ్ళ మధ్య తిప్పుతూ, ఇందాక జుమ్మా నమాజుకు నేను గూడ కుడికాలే పెట్టి మసీదు లోపలికి పోయిన అన్నాడు, మెల్లగా, తనకు తను చెప్పుకున్నట్టు, అయితే చూడమ్మా, ఎడమంటే చెడ్డదని కాదు, ఇంతమంది కాళ్ళు ఒక్కసారి లేవాలె, ఏదో ఒకటి ఖాయం చెయ్యాలె, అందరు కలిసి లెఫ్టని ఖాయం చేసిండ్రు, గంతే.

ఆమె ఆలోచించింది, డ్రమ్ముతోనే గీతకు వెనక్కి నడిచింది, నిలబడింది, కుడికాలు ఎత్తి గీత మీద పెట్టింది, ఎడమకాలు దాని పక్కకు చేర్చింది, లోపలికి వచ్చేసినా సార్, శుభం అయిపాయ, ఇంక మీరు ఏ కాలితో పొమ్మంటే ఆ కాలితో పోతా అంది, ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్, ఎడమ, ఎడమ లేచింది, డ్రమ్ము మోగింది, ధిం, ఆ ధిం నా కుర్చీ కాళ్ళలోంచి ఎక్కి నా పళ్ళలోకి వచ్చింది, అడుగూ దరువూ ఒకే ప్రాణంలా, మైదానం ఆ చివరి దాకా, మలుపు, మళ్ళీ ఇటు, చూపు ఎదురుగా, నా వైపు కూడా తిప్పలేదు, తిప్పకూడదు, అదే పద్ధతి, నేను మాత్రం చూస్తున్నాను, ఖాసిం వలి ఏదో అంటున్నాడు, వినబడటం లేదు, వినబడకపోతే పోనీ.

ఆగింది, పట్టీలు విప్పబోయింది, విప్పకమ్మా, అది ఇగ నీదే అన్నాడు సారు, అని ఈల వేసి అందరినీ దగ్గరికి పిలిచాడు, ఎంపికైనవాళ్ళనీ, ఇంకా వంతు రానివాళ్ళనీ, ఎక్కడ తేడా వచ్చిందో అందరు వినుర్రి, వీళ్ళు తప్పు పెట్టలే, వీళ్ళ తాన మొదలంటే కుడికాలు, నేనది అడగలే, వీళ్ళకు మార్చింగ్‌ల మొదలంటే లెఫ్టు, నేనది చెప్పలే, ఇప్పటి నుంచి మన కోర్‌ల కుడికాలుతో గీత మీదికి రావాలె, లెఫ్టుతో నడవాలె, అమ్మా, నువ్వే చూపియ్యి, అంతే, మునిలక్ష్మి ముందుకొచ్చింది, ఇంజనీర్ల భార్యలూ బస్సు ఆయాలూ అందరూ ఆమె బూట్ల వైపే చూస్తున్నారు, ఇట్ల మే, మడిమ ముందు కాదు, పాదమంతా ఒకేసారి ఆనల్ల, ఆనినాక ఊపిరి తీసుకో, అప్పుడు పుల్ల ఎత్తు అని ఒక్కొక్కరినీ గీత మీదికి రప్పిస్తోంది, ఆ గొంతు మైదానమంతా వినబడుతోంది, ఖాసిం వలి నా వైపు తిరిగి, ఏందన్నా, ఒక్క జోకూ లేదే ఇంతసేపు అన్నాడు, నా దగ్గర ఉన్నది ఒక్కటే, అది జోకు కాదు, గురు అన్నది నాకు పేరులో మాత్రమే ఉంది, మా ఇంట్లో గురువు ఆమె.