పైన ఒకసారి చూడండి సర్

సబీహాకి సృజన అంటే కుళ్ళు. తిప్పి తిప్పి చెప్పడం ఎందుకు, ఉన్నమాట అదే. ఆ పిల్ల నవ్వితే కుళ్ళు, టిఫిన్ డబ్బా మూత తీస్తే కుళ్ళు, కాప్రా నుంచి స్కూటీ మీద వచ్చి జుట్టు చెదరకుండా హెల్మెట్ తీస్తే అదొక కుళ్ళు.

ఇద్దరూ పనిచేసేది కార్ఖానా అనే పేటలో, టైర్ల షాపు పైన ఉన్న ఆఫీసులో. ఎక్కడో నేల గడ్డకట్టే దేశంలో ఇళ్ళున్నవాళ్ళు పైపు పగిలినా, గీజరు చల్లబడినా, సింకు పొంగినా ఫోను చేస్తే అది ఇక్కడ మోగుతుంది. మనకి సాయంత్రం దీపాలు పెట్టేవేళకి వాళ్ళకి తెల్లవారుతుంది. రాత్రికి రాత్రి పైపుల్లో నీళ్ళు గడ్డకట్టుకుపోతే, జనం పళ్ళు తోముకోబోయి లబోదిబోమనేది ఆ వేళకే.

ఆ ఆఫీసులో సబీహా అందరికన్నా పాత మనిషి. లాలాగూడలో పుట్టి పెరిగిన ఆమె మంచు చూసిందంటే ఫ్రిజ్‌లోనే. అయితేనేం, గడ్డకట్టిన పైపుకి ఏం చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. నల్లా తెరిచి ఉంచండి, హెయిర్ డ్రయ్యరుతో నల్లా వైపు నుంచి మెల్లగా వేడి పెట్టండి, మంట మాత్రం దగ్గరికి తేకండి, పైపు చిట్లినట్టుంటే ముందు మెయిన్ వాల్వు కట్టెయ్యండి. చలి ఎక్కువున్న రాత్రి నల్లాని సన్నగా కారనివ్వండి అని చెప్పేటప్పుడు మాత్రం మొదట్లో ఆమె ప్రాణం ఉసూరుమనేది. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే వీధిలో పుట్టిన మనిషి మరి!

ఇంత తెలిసిన మనిషికి ట్రైనర్ కుర్చీ రావాలా, వద్దా? అద్దాల గదిలో కూర్చుని కొత్తవాళ్ళకి నేర్పే ఆ కుర్చీ ఖాళీ అయినప్పటి నుంచి సబీహా ప్రాణమంతా దాని మీదే. నాకే వస్తుందని ఇంట్లో చెప్పేసింది కూడా. సరిగ్గా అప్పుడే ఊడిపడింది సృజన. వచ్చిన కొన్నాళ్ళకే కస్టమర్లు ఆ పిల్ల మాటకి పడిపోయారు. సబీహా ఫోనెత్తితే, "ఆ నవ్వుతూ మాట్లాడే అమ్మాయి లేదా?" అని మొహం మీదే అడిగేవాళ్ళు. మేనేజర్ హరికిషన్ సైతం సృజన సీటు దగ్గర ఆగి మెచ్చుకోకుండా ముందుకి పోయేవాడు కాదు. కుర్చీ ఎవరిదో ఈ వారంలో తేలుస్తానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి సబీహాకి తిన్నది ఒంటబట్టలేదు.

పైగా ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళ పక్కన పాతవాళ్ళు రెండో హెడ్‌సెట్ పెట్టుకుని వినాలి. కొత్తవాళ్ళు తప్పు చెప్పబోతే కస్టమరుకి వినపడకుండా మ్యూట్ బటన్ నొక్కి సరైన మాట అందించాలి. సృజన పక్కన కూర్చునే భాగ్యం ఎవరికి పట్టిందో వేరే చెప్పాలా!

ఆ సాయంత్రం ఎరిక్ అనే పెద్దాయన ఫోను చేశాడు. డెబ్భై దాటినవాడు, భార్య పోయాక ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. ఇవన్నీ ఆయన అడక్కుండానే చెప్పుకొచ్చాడు, సృజనతో అందరూ అలాగే చెప్పుకుంటారు మరి. ఇంట్లో గుడగుడమని శబ్దం వస్తోందట, రెండు రోజులుగా ఏదీ సరిగ్గా లేదట. సృజన "ఒక్క నిమిషం సర్" అని మ్యూట్ నొక్కి ఇటు తిరిగింది.

"అక్కా, ట్యాంకు ఖాళీ అయ్యుంటది గదా? మా ఇంట్ల సుత మోటరు ఎయ్యడం మర్చిపోతే నల్లా గిట్లనే గుడగుడమంటది. పైకెక్కి చూస్కోమని చెప్పాల్నా?"

ట్యాంకట! సబీహాకి లోపల దీపావళి అయింది. ఆ దేశంలో కప్పు మీద నీళ్ళ ట్యాంకు ఎవడు పెడతాడే పిచ్చిదానా, పెడితే అది పెద్ద ఐసు గడ్డ అయి కూర్చోదూ! చెప్పు, బాగా చెప్పు. రేపు హరికిషన్ సార్ ఈ రికార్డింగ్ వింటాడు, ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది, అప్పుడు చూద్దాం ఆ కుర్చీ ఎవరిదో. ఇలా అనుకుంటూ ఆమె తలని అవునూ కాని, కాదూ కాని ఒక ఊపు ఊపి, తన కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

సృజనకి అది చాలింది. "పైన ఒకసారి చూడండి సర్. అంతా అక్కడే ఉంటుంది," అంది తియ్యగా ఇంగ్లీషులో.

"పైనంటే? కప్పు మీదా?" అన్నాడాయన.

"అవును సర్."

"రాత్రంతా మంచు పడింది. సరేలే, నిచ్చెన వేసి చూస్తాను. నువ్వు లైన్లోనే ఉండు. ఆ సింకు గుడగుడ వినలేక చస్తున్నాను, నీళ్ళు కిందికి దిగవు, ఒకటే కంపు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

సబీహా గిరుక్కున ఇటు తిరిగింది. సింకు! గుడగుడమన్నది నల్లా కాదు, సింకు. నీళ్ళు దిగకపోవడం, కంపు కొట్టడం అంటే మురుగు పైపుకి గాలి ఆడడంలేదు. ఆ గాలి పైపు మూతి ఉండేది కప్పు మీదే, చలికి అది గడ్డకట్టి మూసుకుపోతుంది. ఎంతమందికి చెప్పిందో ఈ సంగతి! గుడగుడ వింటేనే రోగం చెప్పగలిగిన మనిషి ఇవాళ సరిగ్గా విననైనా వినలేదు, చెవుల నిండా సృజనే ఉంది. పైపు సంగతి అటుంచు. ఆ కప్పు సృజన ఇంటి డాబాలాగా మెట్లెక్కి నడిచేది కాదు. ఏటవాలుగా ఉంటుంది, దాని మీద మంచు, మంచు మీద డెబ్భై దాటిన ఒంటరి మనిషి. పడితే చూసేవాడు కూడా లేడు.

"సర్! ఎరిక్ సర్! ఎక్కొద్దు సర్!" అని అరిచింది. బల్ల మీది ఫోనులో ఎవరు వింటారు?

"ఏమైందక్కా?" అంది సృజన, చాయ్ కప్పు పట్టుకుని.

ఏం చెప్పాలి? నిన్ను నవ్వులపాలు చేద్దామని ఆయన్ని కప్పెక్కనిచ్చాను అని చెప్పాలా? యా అల్లా, ఆయన్ని దింపు, ఆ కుర్చీ ఆ పిల్లకే ఇచ్చెయ్, అనుకుంది. నిజంగానే అనుకుంది.

అంతలో హెడ్‌సెట్‌లో ధబ్బుమని పడిన చప్పుడైంది. సబీహా కళ్ళు మూసేసుకుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయాసం, దగ్గు, ఆ దగ్గులోంచి నవ్వు. కప్పు మీది మంచు పెళ్ళ జారి పడిందట, తను మాత్రం నిచ్చెన మీదే ఉన్నాడట. గాలి పైపు నోరు మూసుకుపోయి ఉంటే వెనక తలుపు నుంచి వంటింట్లోకి వెళ్ళి కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చి పోశాడట. సింకులో నీళ్ళు గటగటా దిగిపోతున్నాయట. "వచ్చిన ప్లంబర్లంతా కిందే వెతికారు. పైన చూడమన్నది నువ్వొక్కదానివే అమ్మాయ్," అన్నాడు.

బతికాడు! సబీహా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదిలేలోపే మళ్ళీ కుళ్ళు తన్నుకొచ్చింది. పిచ్చిమాట చెప్పి కూడా మెప్పు కొట్టేసింది, ఏం జాతకమే నీది!

హరికిషన్ అద్దాల తలుపు తెరిచి ఇద్దరినీ లోపలికి పిలిచాడు. ఆ ఫోను కాల్ మొత్తం విన్నాడని మొహమే చెబుతోంది.

"సృజనా, ముసలాయన్ని మంచుల నిచ్చెన ఎక్కమని చెప్పుడేందీ? పడుంటే ఎవరు జవాబు చెప్తరు?"

సృజన మొహం పాలిపోయింది. "సబీహా అక్కను అడిగే చెప్పిన సర్. అక్క తలూపింది."

హరికిషన్ సబీహా వైపు తిరిగాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను ఆపాల్సింది సర్, కావాలనే ఆపలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అద్దాల గదిలో ఖాళీ కుర్చీ ఎదురుగానే ఉంది.

"గాలి పైపే అయ్యుంటదని నాకు సమజైంది సర్," అంది సబీహా. "ఆయన గట్టిగనే ఉన్నట్టు అనిపించింది, అందుకే ఎక్కనిచ్చిన. తర్వాత భయమై ఎక్కొద్దని అరిచిన, అప్పటికే పోయిండు. తప్పే, ఇంకోసారి కానియ్య."

హరికిషన్ గడ్డం రుద్దుకున్నాడు. "పైపు సంగతి నాకే తట్టలే. నిజం చెప్పాల్నంటే ట్రైనర్‌గ సృజననే చేద్దామనుకున్న. కానీ పిల్లలకు నేర్పాల్నంటే నీ అసొంటి చెవి ఉండాలె. రేపటి నుంచి గీ కుర్చీల నువ్వే కూర్చో."

కోరుకున్నది కాళ్ళ దగ్గరికొచ్చింది. ఎగిరి గంతెయ్యాల్సిన సబీహా ఆ కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. థాంక్యూ సర్ అన్నదో లేదో కూడా ఆమెకి తెలియదు.

బయటికి రాగానే సృజన ఆమెని వాటేసుకుంది. "అక్కా, నేనైతే ట్యాంకే అనుకున్న, నువ్వు పైపు దాక పోయినవ్ సూడు! నాకు రావాల్సిన తిట్లు సుత నువ్వే పడ్డవ్. నువ్వు పక్కనుంటే నాకు జెర సుత భయం కాదు. నేనేదన్న తప్పు చెప్తుంటే ఆపుతవ్ గదా?"

సబీహా ఆ మొహంలోకి చూసింది. కుర్చీ చేజారినందుకు అందులో రవ్వంత ఏడుపు కూడా లేదు. ఒక మనిషిని ఇంత తేలిగ్గా నమ్మి, రాత్రికి హాయిగా నిద్రపోగలదు ఈ పిల్ల. అది చూసి కూడా ఆమెకి కుళ్ళే పుట్టింది, ఇన్నాళ్ళూ పుట్టినదంతా దీని ముందు దిగదుడుపే.

"ఆపుతా," అంది.