చెప్పకుండా వెళ్ళిపోయిన క్లాసు

వెళ్ళేటప్పుడు ఒక్కరంటే ఒక్కరు ‘వెళ్ళొస్తాం మేడమ్’ అనలేదు. కంప్యూటర్ మీద పేర్లు ఒకటొకటిగా మాయమయ్యాయి. ముందు లమ్తపుట్ సాయిగణేష్, తర్వాత కొల్నార పిల్లలు, ఆఖర్న బిస్సమ్ కటక్ ధనశ్రీ. ‘పోండి, పోండి, పీడా పోయింది’ అన్నాను. అప్పటికి మైకు ఆపేశాను లెండి.

మా ఆయన శశికాంత్ ఇక్కడ ఒరిస్సా రాయగడలో బ్యాంకు పరీక్షలకి లెక్కలు చెప్పేవారు. కిందటేడు, అంటే రెండువేల ఏడులో, బ్రాడ్‌బ్యాండ్ పెట్టించి ఇంటర్నెట్‌లో మొదలుపెట్టారు. ఈ కొండ ఊళ్ళలో కొట్లు పెట్టుకున్న మన తెలుగువాళ్ళ పిల్లలకి తెలుగులో లెక్క చెప్పేవాడు ఎవడున్నాడు? ధనశ్రీ సంగతే చూడండి. ఆడపిల్లని రాయగడ బస్సెక్కించనని వాళ్ళ నాన్న భీష్మించుక్కూర్చున్నాడు. నెట్ సెంటర్ వాళ్ళ కిరాణా కొట్టు పక్కనే కాబట్టి ఒప్పుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు నోటితోనే వడ్డీ లెక్కలు కట్టేస్తుంది.

అలాగని అంతా బాగుండేదనను. కరెంటు పోతే అప్పటిదాకా చెప్పింది గోడకి చెప్పినట్టే. ‘అర్థమైంది సార్’ అన్నవాళ్ళలో నిజంగా ఎవరికి అర్థమైందో దేవుడికెరుక. ఈయనేమో జోకు వేసి, వాళ్ళు నవ్వారో లేదో తెలియక తనే నవ్వుకునేవారు. వంటింట్లోంచి వింటూ ‘మీ ఒక్కరికే వినపడుతోంది’ అని ఎగతాళి చేసేదాన్ని.

మొన్న వానల్లో బ్రెయిన్ మలేరియా వచ్చి ఆయన పోయారు. నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. జనం వచ్చారు, కూర్చున్నారు, పోయారు. ఎవరొచ్చారంటే ఇప్పటికీ చెప్పలేను. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు, తిన్నా తెలిసేది కాదు.

మైల తీరాక మా అన్నయ్య సన్యాసయ్య సాలూరు నుంచి మళ్ళీ వచ్చాడు.

“ఇక్కడుండి ఏటి సేత్తావే? సాలూరు వచ్చెయ్. మీ అత్తగారు కొల్నారలో కూతురింటికెళ్తారు.”

“నేనూ బీఎస్సీ లెక్కలు చదివినదాన్నే. ఆయన క్లాసు నేను చెప్తాను” అన్నాను.

“సెప్తే ఎవులుంటారే?”

“ఒక్క రోజు చూస్తాను. పిల్లలు నిలబడితే ఉంటాను, లేకపోతే నీతో వచ్చేస్తాను.”

ఏడాది తిరిగేదాకా నేను గడప దాటకూడదు, శుభమా అని వెళ్ళేవాళ్ళకి ఎదురు రాకూడదు. అందుకని అడ్డు చెబుతారనుకున్న అత్తగారు సూర్యావతమ్మే దారి చూపించారు. “ఆ డబ్బాలో అయితే నీ మొఖం ఎవులికీ కనపడదు కదా, సెప్పుకో” అన్నారు. మంచి మాటే అన్నారు పాపం. కోపం రావాలి నాకు. అదీ రాలేదు.

సాయంత్రం మైకు ముందు కూర్చున్నాను. పిల్లలంతా వచ్చారు. నమస్కారాలు లేవు, పలకరింపులు లేవు. పడవలూ ప్రవాహాల లెక్కలు ఎత్తుకున్నాను. ఎదురు వెళ్ళే పడవ, వాలుకి వెళ్ళే పడవ. “అర్థమైందా?” అంటే చప్పుడు లేదు. ఆయన్నయితే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి చంపుకు తినేవాళ్ళు. గంట సేపు నా గొంతు నేనే విన్నాను. ఆ తర్వాత ఇందాక చెప్పినట్టు, నోరు విప్పకుండా పోయారు.

అన్నయ్య గుమ్మంలోంచి చూశాడు. “రేపు బండి మాట్లాడీనా?”

“మాట్లాడు” అన్నాను. బాధ కూడా వెయ్యలేదు.

కొరాపుట్‌లో ఎవరో మాస్టారు కూడా ఇలాగే ఇంటర్నెట్‌లో చెబుతున్నారని విన్నాను. ఆయన దగ్గర చేరమని పిల్లలకి చెప్పెయ్యాలి కదా. ముందు ధనశ్రీ వాళ్ళ కొట్టుకి ఫోన్ చేశాను. ఆ పిల్లే ఎత్తింది. చెప్పాల్సింది వదిలేసి దులిపేశాను.

“మాటవరసకైనా వెళ్ళొస్తామనడానికి నోరు రాలేదుటే మీకు? మొగుడు పోయినదాని దగ్గర లెక్కలేమిటనుకున్నారా?”

“అయ్యో, అలగంతారేటి మేడమ్!” అంది ధనశ్రీ. “సారు పోయేక మేం రావడం ఇదే కదా. పరామర్శకొచ్చినోలు వెళ్ళొస్తామని సెప్పకూడదంట. మా మామ్మ సెప్పింది. నానే అందరికీ ఫోన్లు సేసి సెప్పేను.”

నాకు తెలియని ఆచారమా అది? చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళరు. మళ్ళీ అలాంటి పని మీద రావాలని కోరుకున్నట్టవుతుంది. మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అలాగే లేచి వెళ్ళారు. ఈ పిల్లలు కూడా వచ్చారని, గంట సేపు నా దగ్గర కూర్చున్నారని మాత్రం నాకు తట్టలేదు. చాప వెయ్యలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. పడవల లెక్క చెప్పాను.

“మరి అడిగితే పలకలేదేమే?” అన్నాను.

“మీరు సారులాగే సెప్పేస్తుంటే ఏడుపొచ్చేసింది మేడమ్. మీకు ఇనపడకూడదని మైకులు కట్టేసేం. సాయిగణేషయితే మరీ ఏడిసేడంట, నెట్ సెంటరాయన మంచినీళ్ళిచ్చేడంట.”

అంతే. ఆయన్ని తీసుకెళ్ళిన రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఫోన్‌కి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీలో ఒరిగిపోయాను. అత్తగారు పరుగెత్తుకొచ్చి నా తల తన పొట్టకి అదుముకున్నారు.

“మేడమ్? లైను తెగిపోయిందేటి? ఉన్నారా మేడమ్?” ధనశ్రీ అరుస్తోంది.

అన్నయ్య వైపు చూసి బండి వద్దని చెయ్యి ఊపాను.

“ఉన్నాను అమ్మీ. రేపు అదే టైముకి రండి. ఇవాళ ఏం చెప్పానో నాకే తెలీదు. మళ్ళీ మొదట్నుంచి చెప్తాను.”