మామ మెచ్చిన కొంగ

కొత్త పార్లమెంటు భవనమంతా అద్దమూ, ఇనుమూనే. పాత ఊరి నడిబొడ్డున అలాంటిది లేపితే జనం ఊరుకుంటారా? నానా గొడవా అయ్యాక, కూల్చేసిన పాత సభామందిరం రాళ్లు కలిపి ముఖద్వారం కట్టాలని తేలింది. వాటిలో ఒక రాతి మీద ఎగిరే కొంగ ఉంది. దాన్ని చెక్కింది ఒక ముసలి శిల్పి తాత. ద్వారం పని ఏరికోరి ఆ శిల్పి అల్లుడికే ఇచ్చారు.

అల్లుడికి రాతిపని నేర్పిందీ మామే. ఆయన చెప్పే సూత్రం ఒక్కటే: "పాత రాయి జోలికి పోకు. పక్కనున్న కొత్తదాన్ని అరగదీసుకో." ద్వారంలో కొంగరాయి దాని చోట ఇమడలేదు. మామ చెప్పినట్టు చేస్తే రెండు రోజులు పడుతుంది. అల్లుడికి అంత ఓపికెక్కడిది? వేలెడు అంచే కదా అని పాతరాయికే కోతమిషను పెట్టాడు. కొంగ మెడ దగ్గర రాయి పగిలి, మెడంతా పొడైపోయింది.

రెండు రోజులు మిగుల్చుకోబోయి పదకొండు రోజులు తలుపేసుకుని కూర్చున్నాడు మహానుభావుడు. అదే జాతి రాయి తెచ్చి అదే కొంగను చెక్కాడు. పెరుగూ మసీ పూసి దానికి వయసు తెప్పించాడు. పెళ్లానికి కూడా చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాడు సభాపతి మామను ముందుకు పిలిచాడు. చూపు ఆనని ముసలాయన కొంగను చేత్తో తడిమి, మెడ దగ్గర ఆగాడు. సభాపతి అడిగాడు:

"మీ తాతగారి పనేనా, పెద్దాయనా?"

"ఆయనదేనండి," అన్నాడు మామ. చప్పట్లు మోగాయి. అల్లుడు హమ్మయ్య అనుకున్నాడు.

బయటికొచ్చాక మామ మెట్ల మీద కూలబడ్డాడు.

"అసలుదేం చేశావు?"

అల్లుడు దాచలేకపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"మెడ దగ్గర మా తాతకి ఉలి జారింది. ఆ గంటు మీద చిన్నప్పట్నుంచీ వేలు పెట్టి చూసినవాణ్ణి. నీ కొంగకి అది లేదు."

"మరి అక్కడే చెప్పెయ్యాల్సింది, మామా."

"నలుగురిలో నా కూతురి మొగుణ్ణి దొంగని చెయ్యమంటావా? ఈ వయసులో నా చేత అబద్ధం ఆడించావు గదయ్యా."

మామ మళ్లీ, నిజం ఒప్పుకుంటున్నవాడిలా మెల్లగా అన్నాడు.

"పని మాత్రం తాతకన్నా బాగా చేశావు."

పదిహేనేళ్లలో ఆయన నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. అల్లుడికి ఆ మెట్ల మీదే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.