తాళం అక్కడ, నేను ఇక్కడ

నేను ఒక తాళంచెవిని. బంగారు నగల పెట్టెదాన్నో, దేవుడి హుండీదాన్నో అనుకునేరు. పార్వతీపురం దగ్గర ఒక చిన్న ఊళ్లో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది. అందులో లవణాలూ బ్యూరెట్లూ దాచే చెక్క బీరువాకు వేలాడే తాళం నాది. పుట్టింది అలీగఢ్‌లో. నాతో పాటే నా కవల కూడా పుట్టింది, ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని. లోకంలో అందరూ కవలను వేరేచోట దాస్తారు. కెమిస్ట్రీ లెక్చరర్ మా హైమవతి మేడమ్ మాత్రం ఇద్దర్నీ ఒకే రింగుకు గుచ్చి, ఒకే హ్యాండ్‌బ్యాగులో, ఒకే జిప్పు అరలో పెట్టుకుంది. ఆవిడ జాగ్రత్త అలాంటిది.

ఇరవై రెండేళ్లు ఆవిడ ఆ ల్యాబును ఏలింది. నిజం చెప్పొద్దూ, నేనూ ఏలాననే అనుకున్నాను. నేను తిరిగితేనే పిల్లలకు ప్రాక్టికల్స్, లేకపోతే లేవు. జ్వరమొచ్చినా మేడమ్ కాలేజీ మానేది కాదు. "నేను రాకపోతే బీరువా ఎవరు తీస్తారు?" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బేది.

అలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట ఏం పుట్టిందో, ఏడాది పాటు జీతం లేని సెలవు పెట్టింది. జావా దీవిలో జోగ్జా అనే ఊరికి వెళ్లి, మైనంతో బట్టల మీద బొమ్మలు గీసి రంగులద్దే బాతిక్ పని నేర్చుకుంటుందట. "ఇన్నేళ్లు రంగుల పాఠం చెప్పాను. ఒక్క గుడ్డకైనా రంగు వేసి ఎరగను సార్" అంది ప్రిన్సిపాల్‌తో. ఆయన నోరు తెరిచి, "ఏడాదే! మీరు లేకపోతే ఆ ల్యాబ్ ఏమైపోవాలండీ?" అన్నాడు. మేడమ్‌కు భయమూ వేసింది, లోపల్లోపల సంతోషమూ వేసింది.

ఛార్జి అప్పగించేరోజు రెండు వందల పద్నాలుగు సామాన్లకు జాబితా రాసింది. మొదటి వరుసలో 'బీరువా తాళంచెవులు, రెండు'. కొత్త లెక్చరర్ చూడకుండానే సంతకం చేశాడు. మేడమ్ మమ్మల్ని బల్ల మీద పెట్టి చూపించింది, బీరువాకు తాళం వేసింది, అలవాటు చొప్పున మమ్మల్ని బ్యాగులో వేసుకుంది. అందరూ టీ తాగారు. నేను విమానం ఎక్కాను.

జోగ్జాలో ఏడు నెలలు ఆ జిప్పు అరలోనే పడుకున్నాను. మేడమ్ అద్దెకుండే ఇంటావిడ సులస్త్రి, బాతిక్ గురువు కూడా ఆవిడే. మొదటి ఆరు నెలలూ ఆవిడ మేడమ్ చేత పాత గుడ్డల మీద గీతలు మాత్రమే గీయించింది. వేడి మైనం చుక్క తప్పిపడితే, "మళ్లీ" అనేది. ఎంతోమందిని ఫెయిల్ చేసిన మా మేడమ్ అక్కడ ఒకటో తరగతి పిల్ల. జనవరిలో గానీ చీరంత గుడ్డ చేతికివ్వలేదు. "ఇది నీది. పూర్తి కావడానికి నాలుగు నెలలు పడుతుంది" అంది.

ఆ వారమే బ్యాగు ఉతుకుదామని అరలన్నీ తిరగేసింది మేడమ్. మేం ఇద్దరం నేల మీద పడ్డాం.

ఆవిడ మొహంలో రంగు పోవడం చూశాను. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్. లవణాలన్నీ ఆ బీరువాలోనే. పిల్లలు ఏడు నెలలుగా ప్రయోగం అన్నది చేయనే లేదు, తన వల్ల వాళ్ల ఏడాది పోయింది, అనుకుంది. సులస్త్రి వద్దన్నా వినకుండా ఎల్లుండికి టికెట్ తీసింది. అప్పుడే మైనం పట్టడం మొదలైన గుడ్డను మడిచి పెట్టేటప్పుడు ఏడ్చింది. నాకూ దుఃఖం వచ్చింది, కాస్త గర్వం కలిసిన దుఃఖం. చూశారా, నేను లేకపోతే ఎలా ఆగిపోయిందో!

మర్నాడు ఉదయం ధైర్యం చేసి ల్యాబ్ అటెండర్ గౌరునాయుడికి ఫోన్ చేసింది.

"నాయుడూ, తాళంచెవులు నా దగ్గరే ఉండిపోయాయయ్యా. రేపే బయలుదేరుతున్నాను."

"ఎందుకు మేడమ్‌గారూ? మీరెల్లిన సోమారమే ఎడమ తలుపు మడతబందులకున్న నాలుగు మరమేకులూ ఇప్పీసినాం. ఆటేపు నుంచే సామాన్లు తీస్తన్నాం. తాళం జోలికి ఎవులూ ఎల్లనేదు, అది మీదని. వారానికోపాలి తుడుస్తన్నాను కూడాను."

"మరి ప్రాక్టికల్సో?"

"పిల్లలు బాగానే సేస్తన్నారు. కొత్త సారు ఓపిగ్గా సెప్తన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇరవై రెండేళ్లకి ఓపాలి కదిలినారు. సెప్తే ఊరుకుంతారేటి, ఎనక్కొచ్చీరూ! అందుకే ఎవుల్నీ సెప్పొద్దన్నాను. అది సరే గానీ, అక్కడ అన్నం దొరుకుతందా?"

దొరుకుతోందని చెప్పి ఫోన్ పెట్టేసింది. నాలుగు మరమేకులు! మా ఏలుబడి అంతా నాలుగు మరమేకుల మీద నిలబడిందన్నమాట. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మేడమ్‌కూ ఎక్కడో చురుక్కుమన్నట్టుంది. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. టికెట్ రద్దు చేసి, మడిచిన గుడ్డను విప్పింది.

మమ్మల్ని కిటికీ గట్టు మీద పెట్టింది. సులస్త్రి వేలితో నన్ను కదిపి, "ఇది ఏం తెరుస్తుంది?" అని అడిగింది.

"ఏమీ తెరవదు" అంది మేడమ్, మైనం గిన్నె పొయ్యి మీద పెడుతూ.

ఎండ బాగా తగులుతోంది ఇక్కడ. మే నెలలో మేడమ్ వెళ్లిపోతుంది, నన్ను తీసుకెళ్తుందో మరిచిపోతుందో తెలియదు. మరిచిపోయినా పిల్లలు ప్రాక్టికల్స్ చేసుకుంటారు. నా ఉద్యోగం ఎప్పుడో పోయిందని తెలిశాక నాకు ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.